పెద్దనాయన కంటికి ఆనిన 0.9 మిల్లీమీటర్లు

పెద్దనాయన కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి అరుగు మీద గొంతుక్కూర్చుని, నేను హైదరాబాద్ నుంచి అట్టపెట్టెలో పెట్టుకొచ్చిన మూరెడు ట్రాక్ ముక్కని చూశాడు. దాని మీద నిలబెట్టిన ఇంజన్ వైపు చూడలేదు. పట్టాలనే చూశాడు. అర నిమిషం.

"గేజు తప్పింది బిడ్డా" అన్నాడు. "పట్టాలు ఎడమున్నయ్. పట్టా గూడ మీటర్ గేజుది గాదు, పెద్ద బండిది."

నాలుగు నెలల నా పని మీద వచ్చిన కోడ్ రివ్యూ అది. రెండు బగ్స్. రెండూ నిజమే.

మొదటిది నాకు ముందే తెలుసు. పట్టాల మధ్య ఉండాల్సిన దానికన్నా 0.9 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది. మీ డెబిట్ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త ఎక్కువ, అంతే. ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నా. రెండోది మాత్రం నాకు తట్టనే లేదు.

"సరే, ఇంజన్ ఎట్లుందో చెప్పు" అన్నాను.

"పట్టా సరిగ్గ లేనప్పుడు ఇంజన్ను సూసుడేంది?" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దనాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా చేశాడు. ఉద్యోగమంతా దాదాపు వనపర్తి రోడ్ చుట్టుపక్కలే. కీమన్ అంటే తెలియనివాళ్లకి: భుజాన సుత్తి, స్పానర్, చంకలో ఎర్ర జెండా, పచ్చ జెండా పెట్టుకుని తన వంతు ట్రాక్ మీద రోజూ నడిచే మనిషి. వదులైన తాళాలు బిగించడం, పగిలిన పట్టా ఉంటే బండి రాకముందే చూడటం ఆయన పని. ఆయన చేరిన కొత్తలో ఆ లైను మీటర్ గేజ్. రిటైరయ్యేసరికి బ్రాడ్ గేజ్. రిటైరయ్యాక వచ్చి స్థిరపడింది మా నాగర్‌కర్నూల్‌లో. జిల్లా కేంద్రమే కానీ రైలు రాని ఊరు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్లకి లైను వేస్తారనే మాట నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఆ మాట ఒకసారి మా బస్టాండ్ దాకా వచ్చి వెళ్తుంది.

నేను మీటర్ గేజ్ బండిని మా ప్రాంతంలో చూడలేదు. 1992లో మొదలైన యూనిగేజ్ ప్రాజెక్టులో దేశమంతా చిన్న గేజులు తీసి బ్రాడ్ గేజ్ వేస్తూ వచ్చారు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ వెళ్లే లైను కూడా ఆ దశాబ్దంలోనే మారింది. నిజాం కాలంలో వేసిన మీటరు వెడల్పు పట్టాల్ని పీకిన చేతుల్లో మా పెద్దనాయనవి కూడా ఉన్నాయి. ఆ పాత బండి ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. పెళ్లి ఫొటోలకే డబ్బుల్లేని రోజుల్లో రైలింజన్ ఫొటో ఎవరు తీస్తారు?

అందుకే చేద్దామనుకున్నా. పోయినేడు ఆయనకి రెండో కంటి ఆపరేషన్ అయింది. డాక్టర్ "ఇక ఇంతే" అన్నాడు. ఆయన కళ్లు ఇలా ఉండగానే ఒక వైపీ ఇంజన్ని ఆయన ముందు పెట్టాలి. నా తొందరంతా అదీ.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది. ఓపిక పట్టండి, లెక్క అర్థమైతేనే మజా.

మోడల్ రైళ్లలో రెండు అంకెలు ముఖ్యం. స్కేలు అంటే అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించామన్నది. గేజు అంటే పట్టాల మధ్య దూరం. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే సైజు హెచ్ఓ. అందులో స్కేలు 1:87, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అమెరికా, యూరప్‌లలో నడిచే 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజుకి అది అతికినట్టు సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1676, మీటర్ గేజ్ 1000. ఒకటి పెద్దది, ఇంకొకటి చిన్నది. 1:87లో మన బ్రాడ్ గేజ్‌కి 19.26 రావాలి, మీటర్ గేజ్‌కి 11.5. అంటే షాపులో దొరికే ట్రాక్ ఈ రెండు గేజుల్లో దేనికీ పనికిరాదు.

1:87లోనే 12 మిల్లీమీటర్ల ట్రాక్ కూడా ఉంది. జర్మనీలో బెమో అనే కంపెనీ స్విట్జర్లాండ్ మీటర్ గేజ్ రైళ్లని ఆ సైజులో చేస్తుంది. చాలా ముద్దొచ్చేలా చేస్తుంది. కానీ మంచు కొండల్లో తిరిగే ఎర్ర కరెంటు బండిని కోసి వైపీ చెయ్యమంటే ఏం చెయ్యను?

దారి చూపించింది న్యూజిలాండ్, క్వీన్స్‌లాండ్ వాళ్లు. వాళ్ల రైళ్లు 1067 మిల్లీమీటర్ల గేజు మీద నడుస్తాయి. వాళ్లు ట్రాక్‌ని ముట్టుకోకుండా స్కేలు మార్చారు. 1067ని 64తో భాగిస్తే 16.67. హెచ్ఓ ట్రాక్ 16.5. ఇంకేం కావాలి? ఇంజన్ పైభాగం 1:64లో కొత్తగా చేసుకుని, కింద మోటారు, చక్రాలు మాత్రం హెచ్ఓ ఇంజన్లవి వాడుకుంటారు. 1:64 అంటే మీకు తెలిసిన సైజే. చిన్నప్పుడు ఆడుకున్న హాట్‌వీల్స్ కార్లు చాలావరకు ఆ దరిదాపుల్లోనివే.

మన మీటర్ గేజ్‌ని 64తో భాగిస్తే 15.6. ట్రాక్ 16.5. తేడా 0.9. ఆ తేడాని నేను మింగేశాను.

ఎందుకు మింగానో చెప్తే మీరూ క్షమిస్తారు. వైపీ అనేది మీటర్ గేజ్ ప్యాసింజర్ ఇంజన్. మొదటివి 1949లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ చేసింది, తర్వాత ఎక్కువగా జంషెడ్‌పూర్‌లో టెల్కో చేసింది. మొత్తం 871. దాని పెద్ద చక్రం అడ్డుకొలత 54 అంగుళాలు. 1:64లో 21.4 మిల్లీమీటర్లు. ఇక మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ప్యాసింజర్ ఇంజన్ ఒకటుంది, యూఎస్ఆర్ఏ లైట్ పసిఫిక్. దాని చక్రం 73 అంగుళాలు. 1:87లో 21.3. వైపీలాగే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. రాత్రి ఒంటిగంటకి ఎక్సెల్‌లో ఆ రెండు అంకెల్ని పక్కపక్కన చూసి కుర్చీలోంచి లేచి గదిలో తిరిగాను. రూమ్మేట్ ఆఫర్ లెటర్ వచ్చిందేమో అనుకున్నాడు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెప్పించాను. కస్టమ్స్‌తో కలిపి నా రూమ్ అద్దె కన్నా ఎక్కువైంది. నాన్నకి సగం రేటే చెప్పాను, ఆ సగానికే రెండు రోజులు మాట్లాడలేదు.

పెట్టె తీసిన రోజే దాని పైభాగం అంతా ఊడదీశాను. బాగా నడిచే, మెరిసిపోయే బొమ్మని స్క్రూడ్రైవర్‌తో పాడు చేయడానికి ధైర్యం కావాలండీ. మొదటి స్క్రూ దగ్గర పది నిమిషాలు ఆగాను. ఎత్తు విషయంలో పేచీ లేదు. అమెరికా ఇంజన్ పెద్దది, కానీ ఎక్కువ తగ్గింది. మనది చిన్నది, తక్కువ తగ్గింది. చివరికి ఎత్తులు దగ్గరదగ్గరే. గొడవంతా వెడల్పుతో. మన మీటర్ గేజ్ బండి పట్టాల వెడల్పుకి రెండున్నర రెట్లకు పైగా బయటికి ఉంటుంది. అసలులో సుమారు 2.7 మీటర్లు, 1:64లో 42 మిల్లీమీటర్లు. అమెరికన్ ఇంజన్ డ్రైవర్ క్యాబిన్ 37 దాటలేదు. కాబట్టి క్యాబిన్ కొత్తగా 3డీ ప్రింట్ చేయించాను. సిలిండర్లని ప్లాస్టిక్ షీటు ముక్కలు పెట్టి బయటికి జరిపాను. బాయిలర్ కోసం వారం వెతికి, చివరికి కూకట్‌పల్లిలో ఒక ఎలక్ట్రికల్ షాపులో 25 ఎం.ఎం. కరెంటు పైపు కొన్నాను. డ్రాయింగ్ మీద పెడితే సరిపోయింది. ముందున్న అమెరికన్ కప్లింగ్ కోసేసి, మీటర్ గేజ్ బళ్లకి ఉన్నట్టు మధ్యలో ఒకే బఫర్ పెట్టాను.

ఇంత చేసి తీసుకెళ్తే ఆయన పట్టాలు చూసి లోపలికి వెళ్లిపోయాడు.

రాత్రి అన్నం దగ్గర మళ్లీ కదిపాను. "పెద్దనాయనా, ఒక్క మిల్లీమీటర్ గూడ లేదు తేడా."

"అసలు బండికి ఎంత ఐతది?"

ఫోన్ తీసి లెక్క వేశాను. 16.5ని 64తో గుణిస్తే 1056. "56 మిల్లీమీటర్లు."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "రెండంగుళాలకు మీద ఎడమైన పట్టా మీద బండిని పోనిస్తనా నేను? ఎర్ర జెండ పట్టుకొని ఎదురు ఉరుకుత." కాసేపాగి, "వనపర్తి రోడ్ల దిగు. టేషన్ బయట ఇండ్లల్ల పాత పట్టాలు పాతిండ్రు. పొయ్యి కొలుచుకో, నీ పట్టా ఎందుకు తప్పో ఎర్కైతది" అన్నాడు.

అలా ఒక శనివారం తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బ్యాగులో వెర్నియర్, పాత టూత్‌బ్రష్, ఇంజన్ పెట్టె.

మహబూబ్‌నగర్ దాటాక దేవరకద్ర, కౌకుంట్ల, ఆ తర్వాత వనపర్తి రోడ్. పేరు చూసి వనపర్తి అనుకుని దిగితే మోసపోతారు. స్టేషన్ ఉన్నది మదనాపురంలో. 'రోడ్' అని తగిలించిన స్టేషన్లన్నిటి కథా ఇంతే, ఊరికి వెళ్లే రోడ్డు మాత్రమే ఇక్కడుంది, ఊరు వేరే ఉంది. గద్వాల ఒక సంస్థానం, వనపర్తి ఒక సంస్థానం. లైను ఒకరికి ఊళ్లోకి వచ్చింది, ఇంకొకరికి దూరం నుంచి వెళ్లింది. మా నాగర్‌కర్నూల్‌కి అదీ లేదు.

స్టేషన్ బయట పెద్దనాయన చెప్పిన పట్టాలు దొరకడానికి అరగంట పట్టింది. ఒక ఇంటి పశువుల దొడ్డికి మూల స్తంభంగా పాతి ఉంది ఒకటి. ఇంటావిడని అడిగాను, "కొలుచుకుంటా అమ్మా" అని. "కొలుచుకో నాయనా, కానీ పీక్కపోకు, రేకులు పడ్తయ్" అంది. తుప్పు టూత్‌బ్రష్‌తో రుద్ది వెర్నియర్ పెట్టాను. బర్రె నన్నే చూస్తోంది. ఎత్తు 114 మిల్లీమీటర్లు. అంటే గజానికి 60 పౌండ్ల బరువుండే పాత రకం పట్టా. అక్కడే నిలబడి 64తో భాగించాను. 1.78 మిల్లీమీటర్లు.

మోడల్ పట్టాల ఎత్తుని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్తారు, కోడ్ 100, కోడ్ 83, కోడ్ 70 అని. 1.78 అంటే కోడ్ 70, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. నేను వేసింది కోడ్ 100. అది 1:64లో 163 మిల్లీమీటర్ల పట్టా అవుతుంది. బ్రాడ్ గేజ్ మీద వాడే 52 కిలోల పట్టా ఎత్తు 156. "పెద్ద బండిది" అని ఆయన ఉత్త కంటితో అన్న మాట ఇదే. ఆపరేషన్ అయిన కంటితో.

తర్వాతి బండెక్కి గద్వాల వెళ్లాను. వనపర్తి రోడ్ దాటాక కృష్ణ వస్తుంది. తలుపు దగ్గర నిలబడ్డాను (సగం లోపలే, అమ్మ చదువుతుంది). ఈ నదికీ తుంగభద్రకీ మధ్య ఉన్న నేలని నడిగడ్డ అంటారు. గద్వాల అంటే అందరికీ చీరలు, కోట గుర్తొస్తాయి. నేను కోట గోడని బస్సులోంచే చూశాను, నిజం చెప్పాలంటే నా బుర్రలో బరువు సమస్య తిరుగుతోంది. గద్వాల స్టేషన్ ఇప్పుడు జంక్షన్. 2013లో రాయచూరు లైను కలిసింది. ప్లాట్‌ఫామ్ చివర నిలబడి రెండు లైన్లు విడిపోయే చోటు చూస్తే, ఇక్కడి నుంచి మూడోది తూర్పుకి తిరిగితే మా ఊరే కదా అనిపిస్తుంది. ఆ వైపు కంపచెట్లున్నాయి.

బరువు సమస్య ఏంటంటే, అమెరికన్ ఇంజన్ పైభాగం పోతపోసిన లోహం. నా బాయిలర్ ప్లాస్టిక్ పైపు. బరువు తగ్గితే చక్రాలు పట్టా మీద పట్టు దొరక్క ఉన్నచోటే తిరుగుతాయి. పైపులో సీసం నింపాలి. సీసం ముక్కలు హైదరాబాద్‌లో అడిగితే బ్యాటరీ షాపుకి వెళ్లమన్నారు. భయమేసి మానేశా.

గద్వాల దాకా వచ్చి జూరాల చేప తినకుండా ఎవరు పోతారు? డ్యామ్ దగ్గర కొట్లో వేయించిన చేప ముక్కల ముందు కూర్చున్నాను. పక్కన ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచుకి వరసగా సీసం గుండ్లు. పైపులో పట్టే సైజు. నేను తినడం ఆపి ఆయన వలనే చూస్తుంటే, "ఏం సార్, వల కొంటవా?" అన్నాడు. గుండ్లు కావాలన్నాను. ఎందుకో చెప్పి, పెట్టె తీసి ఇంజన్ చూపించాను. చుట్టూ జనం చేరారు. ఒక పెద్దాయన మాత్రం దాని ముక్కు వైపు చూసి, "ఇది కర్నూలు బండి ఇంజన్ గదా" అన్నాడు. పెద్దనాయన చూడనన్న ఇంజన్ని మొదట గుర్తుపట్టింది ఆయనే. రెండు గుప్పెళ్ల గుండ్లకి వలాయన డబ్బులు తీసుకోలేదు, చేపలకి మాత్రం కొట్టువాడు గట్టిగానే తీసుకున్నాడు. (సీసం ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. నేను చేప తినడం అయ్యాకే ముట్టుకున్నాను.)

అక్కడి నుంచి బీచుపల్లి దగ్గర మళ్లీ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి. రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచే ఊరు ఇది. మా నాన్న తరం వాళ్లకి వనపర్తి పాలిటెక్నిక్ అంటే ఐఐటీ. ఆ చదువు ప్రభావమో, బోర్లు ఎక్కువుండే ప్రాంతం కాబట్టో, లేత్ షాపులు బాగానే ఉంటాయి.

నేను వెళ్లిన షాపులో బోరు మోటారు షాఫ్టు తిప్పుతున్నారు. నాకు కావాల్సినవి రెండు ఇత్తడి ముక్కలు. ఒకటి గేజు రోలర్: చిన్న కడ్డీకి రెండు గాళ్లు, వాటిలో పట్టాలు కూర్చుంటే మధ్యలో సరిగ్గా 15.6 రావాలి. రెండోది 13.5 మిల్లీమీటర్ల మందం బిళ్ల, ఇరుసు మీదకి ఎక్కేలా ఒక పక్క చీలికతో. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య ఉండాల్సిన దూరం అది. హెచ్ఓలో ఈ దూరం 14.4 దాకా ఉంటుంది, గేజు 0.9 తగ్గితే ఇదీ అంతే తగ్గాలి.

లేత్ అన్న డ్రాయింగ్‌ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంత చిన్న పని ఎప్పుడూ చెయ్యలే. తప్పితే?"

"తప్పితే మళ్లీ చేద్దాం అన్నా."

"ఎవలి కోసం?"

చెప్పాను. ఆయన బోరు షాఫ్టు దించేసి ఇత్తడి కడ్డీ ఎక్కించాడు. మొదటిది 15.4 వచ్చింది. ఆయనే ఒప్పుకోలేదు, పక్కన పడేశాడు. రెండోది 15.6. వెర్నియర్ నా చేతిలోంచి లాక్కుని నాలుగు చోట్ల కొలిచాడు.

కోడ్ 70 పట్టాలు ఆర్డర్ చేస్తే రావడానికి నెల దాటింది. అవి వచ్చేసరికి మే నెల. వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, వనపర్తి నుంచి బిజినేపల్లి మీదుగా ఇంటికి చేరాను. పొద్దున స్టాండప్ కాల్, మధ్యాహ్నం కోడింగ్, రాత్రి రైల్వే.

చక్రాల పనే అన్నిటికన్నా భయం. ఇంజన్ పెద్ద చక్రాలు ఇరుసుకి బిగువుగా దిగగొట్టి ఉంటాయి. ఒక పక్క చక్రం క్రాంక్ పైన ఉంటే రెండో పక్కది సరిగ్గా 90 డిగ్రీల తేడాలో ఉండాలి. మూడు ఇరుసుల్లోనూ అదే తేడా. ఏ ఒక్కటి కొంచెం మెలితిరిగినా రాడ్లు పట్టేస్తాయి. మార్కర్‌తో గీతలు పెట్టుకుని, మధ్యలో ఇత్తడి బిళ్ల దూర్చి, వైస్‌లో మెల్లగా బిగిస్తే చక్రం వెంట్రుక వెంట్రుకగా లోపలికి జరుగుతుంది. బిళ్లకి తగిలాక ఆగుతుంది. ఒక్కో పక్క అర మిల్లీమీటర్ కూడా కాదు. దానికి అడ్డొచ్చిన ఫ్రేముని ఆకురాయితో రెండు పక్కలా అరగదీశాను. పెద్దమ్మ ఆ పొడి చూసి "ఇల్లంత ఇనుము చేస్తున్నవు" అని తిట్టింది.

పట్టాలు చేత్తో వేశాను. సర్క్యూట్ బోర్డు షీటుని సన్నగా కోస్తే స్లీపర్లు. వాటి మీది రాగికి పట్టాని టంకం పెట్టడం, మధ్యలో రాగిని గీకి తెంపడం, లేకపోతే షార్ట్ అవుతుంది. రోలర్ జరుపుకుంటూ ఆరడుగుల చెక్క మీద ఒకే పొడవు వేశాను. అతుకుల్లేకుండా, నున్నగా. చూసి మురిసిపోయి, రంగు ఆరాలని మిద్దె మీద ఎండలో పెట్టాను.

నాగర్‌కర్నూల్ మే ఎండ. మధ్యాహ్నం కాల్ అయ్యాక వెళ్లి చూస్తే ట్రాక్ మధ్యలో పాములా వంకర తిరిగి ఉంది. నాలుగు చోట్ల టంకం ఊడింది.

పెద్దనాయన వెనకే మెట్లెక్కి వచ్చాడు. ఈసారి వెంటనే గొంతుక్కూర్చున్నాడు. వంకర మీద వేలు పెట్టి, "సందు ఇడ్సలేదా?" అన్నాడు.

"ఏం సందు?"

"ఎండకు పట్టా సాగుతది. జాయింట్ కాడ సందు ఇడ్సాలె. లేకుంటే ఇట్ల పొర్లుతది." ఆ మాట ఆయన కోపంగా అనలేదు. మీటర్ గేజు కాలంలో మే నెల మధ్యాహ్నాలు ఎలా ఉండేవో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పులు కాలేవట. పట్టా మీద చెయ్యి పెట్టి చూసి సూపర్‌వైజర్‌కి కబురు పంపేవాళ్లట. పాత పట్టాలు పీకేటప్పుడు బోల్టులు తుప్పు పట్టి రాకపోతే, వాటిని తనే ఏళ్ల తరబడి బిగించానని గుర్తొచ్చి నవ్వొచ్చిందట. "నేను బిగిచ్చినయ్ నాకే రాలె" అన్నాడు. ఈ మాట ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

మర్నాడు పట్టాల్ని ముక్కలు చేసి మళ్లీ వేశాం. వేశాం అన్నది గమనించండి. ఆయన టంకం పట్టుకోలేదు, చేతులు వణుకుతాయి. రోలర్ మాత్రం వదల్లేదు. ప్రతి మూడో స్లీపర్ దగ్గర పెట్టి చూడటం, "జెర లోపలికి", "ఊ, ఇగ కొట్టు". జాయింట్ల సందులో పెట్టడానికి పెద్దమ్మ పాత క్యాలెండర్ కాయితం మడిచి ఇచ్చాడు. ఎన్ని మడతలో కూడా ఆయనే చెప్పాడు. పట్టాల మధ్య కరెంటు తెగకుండా కింద తీగ అతికించడం నా వంతు.

గురువారం రాత్రి బాయిలర్‌లో జూరాల గుండ్లు నింపి, 12 వోల్టులు ఇచ్చాను. వైపీ కదిలింది. అడుగున్నర వెళ్లేసరికి ఒక ఊపు, మళ్లీ సాఫీ, మళ్లీ ఊపు.

"కుంటుతున్నది" అన్నాడు పెద్దనాయన. కళ్లు మూసుకుని ఉన్నాడు. వింటున్నాడు.

మధ్య ఇరుసు. వైస్‌లో బిగించేటప్పుడు ఒక డిగ్రీయో రెండో మెలితిరిగింది. మళ్లీ విప్పి, సరిచేసి, బిగించేసరికి పన్నెండు దాటింది. రేపు చూద్దాం, పడుకో అంటే కదల్లేదు. కుర్చీలోనే కూర్చున్నాడు.

రెండోసారి ఆరడుగులూ ఒకే తీరుగా వెళ్లింది. సందుల మీద చక్రాలు పడ్డప్పుడల్లా టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. అటు చివర ఆపి, వెనక్కి నడిపించాను. ఆయన ముందు ఆగింది.

అప్పుడు కళ్లద్దాలు అడిగాడు. ఇంజన్ని రెండు చేతులతో ఎత్తి, బోర్లించి చక్రాలు చూశాడు, తిప్పి క్యాబిన్‌లోకి చూశాడు, బఫర్ మీద వేలితో నొక్కాడు. నేను ఊపిరి బిగబట్టాను. తిరిగి పట్టాల మీద సరిగ్గా పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు, లేదా నాకు అలా అనిపించింది.

"బండి మంచిగున్నది" అన్నాడు. తర్వాత చెక్క వైపు చూసి, "కంకర ఏది?"

"ఏం కంకర?"

"కంకర లేకుంట ట్రాక్ నిలుస్తదా?"

పొద్దున నేను లేచేసరికి ఎదురింట్లో ఇల్లు కడుతున్న చోటు నుంచి తట్టెడు క్రషర్ డస్ట్ వచ్చి వాకిట్లో ఉంది. పెద్దనాయన దాన్ని పిండి జల్లెడలో పోసి జల్లిస్తున్నాడు. వంటింట్లోంచి పెద్దమ్మ, ఆ జల్లెడ కోసం, వాడకట్టంతా వినబడేలా అరుస్తోంది.